నకిలీ అని తేల్చిన మెయిలు

సికింద్రాబాద్ స్టేషనుకు కూతవేటు దూరంలో, ఒక మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తులో కూర్చుని, సముద్రాల అవతల ఉన్న ఒక కంపెనీ పరువు కాపాడటం రజిత ఉద్యోగం. ఆ కంపెనీ ఇంటర్నెట్‌లో పాత కెమెరాలూ, పింగాణీ బొమ్మలూ అమ్మించేది. దాని పేరు తగిలించుకుని దొంగలు దాని ఖాతాదారులకు మెయిళ్లు రాసేవారు: మీ ఖాతా రేపటికల్లా మూతపడుతుంది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ చెప్పండి అని. అనుమానం వచ్చినవాళ్లు ఆ మెయిళ్లను కంపెనీకి పంపేవారు. కంపెనీ వాటిని సికింద్రాబాదులో ఆ పని గుత్తకు తీసుకున్న సంస్థకు తోసేది. రజిత చదివి అసలో నకిలీయో తేల్చేది. రోజుకు రెండువందల నలభై. 2005లో చేరింది. 2008 దసరా నాటికి రెండు లక్షల చిల్లర మెయిళ్లు ఆమె కళ్ల ముందు నుంచి నడిచిపోయాయి. అన్ని అబద్ధాలు విన్న మనిషి పూర్వమైతే ఋషి అయ్యేది. ఈ కాలంలో కనుక సీనియర్ అసోసియేట్ అయింది.

చేరిన కొత్తలో ఆమె ఏడ్చేది కూడా. చనిపోయిన భర్త గడియారం అమ్ముకున్న ఒక ముసలావిడ ఆ డబ్బు దొంగల పాలయిందని రాస్తే, రజిత ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. అలాంటి వాళ్లకు పంపడానికి కంపెనీ రాసిపెట్టిన జవాబు ఒకటుండేది, నాలుగో నమూనా. "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం" అని మొదలయ్యేది. మొదట్లో అది పంపే మీట నొక్కడానికి ఆమెకు చెయ్యాడేది కాదు. ఆరు నెలలకు ఆడింది. ఏడాదికి చెయ్యి తప్ప మిగతాదంతా ఆడటం మానేసింది.

తిరుమలగిరిలో ఇంటి దగ్గర తల్లి బుచ్చమ్మ ఒకనాడు, ఎదురింటాయన స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని చెప్పింది. రజిత అన్నం కలుపుతూ, "అయ్యో, ఆయనకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నం" అంది.

బుచ్చమ్మ గరిటె ఆపింది. "ఏందే, నాతోని సుత గా ఆఫీసు ముచ్చటేనా?"

"ఏదో అలవాటున వచ్చింది లేమ్మా."

"జెర మనిషి లెక్క మాట్లాడు బిడ్డా" అంది బుచ్చమ్మ. కూతురు మనిషిలా ఏం మాట్లాడాలో కాసేపు ఆలోచించి, పప్పు వేసుకుంది. ఆ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. ఆ సంవత్సరం అమెరికాలో బ్యాంకులు కూలుతుంటే మాదాపూర్‌లో కుర్చీలు ఖాళీ అవుతున్నాయని పేపర్లు రోజూ రాస్తున్నాయి.

ఆరుగురి జట్టుకు రజితే పెద్ద. కొత్తవాళ్లకు ఆమె ఏడు లక్షణాలు నేర్పేది. దొంగ మెయిలు మన పేరు పెట్టి పిలవదు. తొందరపెడుతుంది, భయపెడుతుంది. పంపినవాడి చిరునామా అసలు కంపెనీకి పినతల్లి కొడుకులా ఉంటుంది, లింకు చూపేదొక ఊరు చేర్చేదొక ఊరు. తన దగ్గర ఉండవలసిన వివరాలు మననే అడుగుతుంది. చివరిది ఇంగ్లీషు: కుంటుతుంది. ఈ విద్యలో ఆమె ప్రథమ శిష్యుడు తిరుమల్. ఏ.ఎస్. రావు నగర్ కుర్రాడు, తల్లి ఫోన్ చేసినా నంబరు సరిచూసుకునే రకం. అధమ శిష్యుడు పైడిబాబు. విజయనగరం నుంచి వచ్చిన పైడిబాబుకు ఎదుటివాడు అబద్ధమాడతాడంటే మనసొప్పేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆరుగురికీ ఒకే మెయిలు వచ్చింది. "ప్రియమైన ఉద్యోగీ, మీ సంస్థ చేతులు మారింది. కొత్త సంస్థలో కొనసాగదలిస్తే ఈ లింకు నొక్కి పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా నంబరు నింపండి. ఆదివారం సాయంత్రం ఆరు దాటితే మీరు రాజీనామా చేసినట్టు భావిస్తాం."

రజిత దాన్ని వైద్యుడు నాడి చూసినట్టు చూసింది. పేరు లేదు. తొందర ఉంది, భయం ఉంది. అడుగున సంతకం తమ హెచ్ఆర్ వారిది, పంపిన చిరునామా మాత్రం ఎన్నడూ వినని కంపెనీది. లింకు ఇంకెక్కడికో పోతోంది. మూడేళ్లుగా జీతం వేస్తున్నవాళ్లు బ్యాంకు నంబరు అడుగుతున్నారు. ఇంగ్లీషు రెండు కాళ్లా కుంటుతోంది. ఏడుకు ఏడు! ఇంత సంపూర్ణమైన నకిలీని ఆమె అంతవరకు చూసి ఉండలేదు. నిజానికి వాళ్ల హెచ్ఆర్ వారి ఇంగ్లీషు ఎప్పుడూ అలాగే ఉండేది. ఆ సంగతి ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

"ఎవరూ నొక్కకండి. రేపు ఫోన్ చేసి సుత నమ్మిస్తరు, నమ్మకండి" అని నిలబడి ప్రకటించింది.

పైడిబాబు చెయ్యెత్తాడు. "నాను నింపేశానండి."

"బ్యాంకు నంబర్ సుత ఇచ్చినవా?"

"అడిగారు కదండీ మరి."

"అడిగితే ఇస్తవా పైడిబాబూ? మూడేండ్ల సంది నీకేం నేర్పిన?"

"మీరు నేర్పినారండి, నానే నేర్సుకోనేదు" అన్నాడు పైడిబాబు తల గోక్కుంటూ. అందరూ నవ్వారు. సోమవారం పొద్దున్నే బ్యాంకుకు పోయి ఖాతా మార్చుకొమ్మని సానుభూతితో సలహా ఇచ్చి ఇళ్లకు పోయారు.

ఆదివారం పదకొండు గంటలకు వాచ్‌మన్ బిక్షం ఆఫీసు ఫోను నుంచి రజితకు చేశాడు. "మేడం, గీడ ఎవరో వచ్చి కొత్త బోర్డు కడుతున్రు. మీ సామాన్లు అట్టపెట్టెల్ల పెడుతున్రు. పైడిబాబు సారువి తప్ప."

రజిత ఆటోలో పోయింది. ఆమె టేబులు మీది కప్పు, దువ్వెన, క్యాలెండరు ఒక పెట్టెలో ఉన్నాయి. పెట్టె మీద ఆమె పేరు ఒక్క తప్పు లేకుండా ఉంది. కొత్త సంస్థ తరఫున వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. "ఒక్కరే జవాబిచ్చారు మేడం. మిగతావాళ్లకు ఇష్టం లేదనుకున్నాం."

"ఇప్పుడు రాసిస్తే నడుస్తదా?"

"లింకులోనే నింపాలి మేడం. ఆరు దాకా తెరిచే ఉంటుంది. ఇక్కడ మాత్రం కంప్యూటర్లు విప్పేశారు."

ఆమెకు దుఃఖం రాలేదు, కోపమూ రాలేదు. తన ఉద్యోగంతో పాటు నలుగురి ఉద్యోగాలు తన మాట వల్ల పోతున్నాయన్న సంగతి, వేరెవరో పంపిన ఫిర్యాదులా లోపలికి వచ్చి వరుసలో నిలబడింది. మెట్లు దిగుతూ జట్టువాళ్లకు ఫోన్లు మొదలుపెట్టింది. రామకృష్ణ పకపకా నవ్వాడు. "పరీక్ష పెడుతున్నరా అక్కా? నేను పాసైన కదా!" కాంతమణి ఒక్క మాట వినకుండా పెట్టేసింది. అంత బాగా నేర్పినందుకు రజిత గర్వపడవలసిందే.

దాంతో ఆటోలోనే ఇల్లిల్లూ తిరిగింది. రామకృష్ణ ఆమె ముఖం చూసి నమ్మాడు. కాంతమణి ఆమె చేత బుచ్చమ్మ మీద ఒట్టు వేయించుకుంది. మార్త చర్చి నుంచి వచ్చేదాకా రజిత ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని, రాగానే ఒప్పించింది. ఏ.ఎస్. రావు నగర్ చేరేసరికి అయిదుంపావు. తిరుమల్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, తొందరపెడుతున్నవా?"

"అవును."

"నౌకరి పోతదని భయపెడుతున్నవా?"

"అవును రా."

"బ్యాంకు నంబర్ ఇయ్యమంటున్నవా?"

"ఇయ్యమంటున్న."

"గిది నకిలీ అక్కా" అన్నాడు తిరుమల్ బాధగా. "బిక్షం ఫోన్ చేసిండంటవు, బోర్డు చూసినంటవు. తెలిసినోళ్ల నోటితోనే చెప్పిస్తరని నువ్వే చెప్పినవ్. ఇంతకీ నువ్వు నింపినవా?"

నింపలేదు. పొద్దుటి నుంచి నాలుగు నెట్ సెంటర్ల ముందు నుంచి పోయింది, ఒక్కచోటా దిగలేదు. ముందు వాళ్ల సంగతి చూద్దామనుకున్నానని తనకు తాను చెప్పుకుంది.

"రా" అంది.

వీధి చివర నెట్ సెంటర్‌లో కుర్చీ లాక్కుని మెయిలు తెరిచింది. పుట్టిన తేదీ కొట్టింది. చెక్కుబుక్కు తీసి ఖాతా నంబరు ఒక్కొక్క అంకే చూసి కొట్టింది. తిరుమల్ వెనక నిలబడి, శవయాత్రలో నడుస్తున్నవాడిలా చేతులు కట్టుకున్నాడు. ఇక నొక్కడమే మిగిలింది. వేలు మౌస్ మీద ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఊరంతటికీ నొక్కమని చెప్పిన మనిషి, బోర్డు కళ్లారా చూసిన మనిషి, వేలు వంచలేకపోయింది. మూడేళ్లుగా ఆ వేలు నేర్చుకున్న పని ఒక్కటే, ఇటువంటిది నొక్కకపోవడం. గోడ గడియారంలో అయిదు నలభై అయింది.

"నీ చెయ్యాడ్తలేదు అక్కా" అన్నాడు తిరుమల్.

"చూస్తున్న" అంది రజిత. నిజంగానే చూస్తోంది, అది మరెవరి చెయ్యో అయినట్టు. కుడి చేతిని తీసి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో నొక్కింది.

తెర తెల్లబడింది. నెట్ నెమ్మది. చాలాసేపటికి "మీ వివరాలు అందాయి, కృతజ్ఞతలు" అని వచ్చింది. దొంగలు కూడా అదే రాస్తారు. ఆమె లేచి కుర్చీ చూపించింది.

తిరుమల్ కూర్చున్నాడు గాని కీబోర్డు ముట్టుకోలేదు. "ఒకేల నకిలీ అయితే?"

"ఇద్దరం మునుగుతం" అంది రజిత.

ఏడు లక్షణాల్లో ఈ మాటకు ఏదీ సరిపోలేదు కాబోలు. అతను తన పుట్టిన తేదీ కొట్టడం మొదలుపెట్టాడు.