కుడివైపు పెట్టిన ఫోను

"...అయితే మీ దగ్గరున్నది ఫోనా, సబ్బుపెట్టెనా? ఎంతసేపు చేసినా పలకనిదాన్ని జేబులో వేసుకుని ఊరేగడమెందుకు?"

"మోగితే ఎత్తనా? మోగలేదంటున్నానుగా."

"మోగలేదట! మీ కూతురు నా పక్కనే ఉంది, అడగండి. అటు రింగు పోతూనే ఉంది."

"అటు పోతుందే. ఇటు రాలేదు."

ఇంటి తాళాలు రెండూ ఆ రోజు లిఫ్టు మేస్త్రి సంచిలోనే ఉండిపోయాయి. కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేసే అతని భార్య కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఆమె పక్కన కూర్చుంది. వచ్చేపోయేవాళ్లందరికీ దారి ఇవ్వడానికి ఇద్దరూ లేస్తూ కూర్చుంటూ ఉండగా అతను వచ్చాడు. తలుపైతే తెరుచుకుంది గానీ, మెట్ల మీద మొదలైన గొడవ వంటగదిదాకా వచ్చింది.

అతను పనిసంచిలో చెయ్యి పెట్టి, వెతికి, చెవికి తగిలించుకునే చిన్న బ్లూటూత్ హెడ్‌సెట్ తీశాడు. ఒక చెవికే ఉండేది. దాని కొసన నీలం దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది.

"చూడు, ఆపడం మర్చిపోయాను. ఇది ఆన్‌లో ఉన్నంతసేపూ మోతంతా దీనికే పోతుంది. ఫోనేమో నా జేబులో, ఇదేమో సంచిలో స్పానర్ల కింద. నాకెలా వినపడుతుంది?"

"అయితే ఆ స్పానర్లనే ఎత్తమని చెప్పాల్సింది," అని ఆవిడ కూరగాయలు కడగడానికి పోయింది.

ఆ మాటతో గొడవ ఆగింది. మోత సంచిలోకి పోయిందన్నది నిజమే కాబట్టి అతనికీ కొంచెం స్థిమితంగా అనిపించింది.

పనిలో చేరిన కొత్తలో అతను గ్రీజు డబ్బా మోసేవాడు. మేస్త్రిగా పేరు తెచ్చిపెట్టింది మాత్రం చెవి. కింది అంతస్తులో తలుపు చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. లిఫ్టు ఒకసారి పైకి పోయి కిందికి వస్తే చాలు, ఏ అంతస్తు దగ్గర ఏది అరిగిందో చెప్పేవాడు. "పైనుంచి రెండో అంతస్తు దగ్గర కేబిన్ ఒక పక్కకు రాసుకుంటోంది, అక్కడ విప్పండి," అనేవాడు. విప్పితే అక్కడే దొరికేది. వేరే పేటల్లో పనిచేసే జట్లు కూడా ఆఫీసుకు ఫోన్ చేసి, "మేస్త్రిని ఒక పూట పంపండి, ఊరికే విని పోతాడు," అని అడిగేవాళ్లు. కొడుకు పుట్టలేదని ఎవరన్నా పరామర్శిస్తే పట్టించుకోని మనిషి, కొత్త లిఫ్టుల్లో లోపం తెర మీదే కనిపిస్తుందని కంపెనీవాళ్లు చెప్పిన రోజు మాత్రం భోజనం సరిగా చెయ్యలేదు.

మోటారు గదిలో స్విచ్చు దగ్గర నిలబడితే మోటారు ఎప్పుడూ కుడిపక్కనే ఉండేది. ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాడు. ఎప్పటినుంచో తెలియదు గానీ, ఇంట్లో బల్ల దగ్గర కుడి చివరి కుర్చీ అతనిదైంది. బస్సులో ఎవరితో కలిసి కూర్చున్నా వాళ్లు ఎడమపక్కకు వచ్చేలా చూసుకునేవాడు. భార్య దాన్ని వయసుతో వచ్చే మొండితనం అనుకుంది. అతను దానికి ఏ పేరూ పెట్టలేదు.

పనిలో అతనికి జోడీ భార్య తమ్ముడే. అందరూ మైకు అంటారు. ఆ గొంతు అలాంటిది. మెల్లగా మాట్లాడానని అతననుకున్నప్పుడు కూడా పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేవాళ్లు. పాత లిఫ్టుల పని ఇద్దరు మనుషుల పని. ఒకరు లిఫ్టు కేబిన్ కప్పు మీద నిలబడి, లిఫ్టు నడిచే గొయ్యిలో పట్టాలు, బోల్టులు చూసుకుంటూ వస్తారు. రెండోవాడు అన్నిటికంటే పైనున్న మోటారు గదిలో స్విచ్చు పట్టుకుంటాడు. "కదుపుతున్నా," అని పైవాడు అంటాడు. "కదుపు," అని కిందివాడు అనేదాకా స్విచ్చు తాకకూడదు. "ఆపు," అన్న క్షణాన ఆపాలి. కొత్తవాటిలో కేబిన్ మీదే బటన్లుంటాయి. పాతవాటిలో ఆ రెండు మాటలే ఉంటాయి. మోటారు గది పెద్దవాడిది, కేబిన్ కప్పు చిన్నవాడిది. అది రాసిపెట్టని పద్ధతి.

మైకు గొంతు తాళ్లు దిగే కన్నంలోంచి మోటారు మోతను చీల్చుకుని వచ్చేది. అందుకని బావకు ఏ రోజూ ఇబ్బంది తెలియలేదు. అయితే ఈమధ్య మైకు గొంతులో చిన్న కాయ లేచింది. తీసేసిన డాక్టరు, ఇక అరవొద్దని గట్టిగా చెప్పాడు. అప్పుడే మేస్త్రి కూతురు హెడ్‌సెట్లు తెచ్చింది, తండ్రికొకటి, మేనమామకొకటి. పని మొదలుపెట్టేముందు ఇద్దరూ ఫోన్ కలుపుకుని, పని అయ్యేదాకా కట్ చెయ్యరు.

"ఎప్పుడూ ఎడమ చెవికేనా నాన్నా?" అని కూతురు ఒకసారి అడిగింది.

"కుడి చెవి మోటారుకు కావాలమ్మా," అన్నాడు అతను.

తాళాల గొడవ జరిగిన సాయంత్రం, భోజనాలకు ముందు కూతురు ఫోను తీసుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇటు చూడు నాన్నా. హెడ్‌సెట్ కలిపి ఉన్నప్పుడు మోత ఎక్కడ రావాలో మనమే చెప్పొచ్చు. నీదాంట్లో 'హెడ్‌సెట్‌లో మాత్రమే' అని ఉంది. దాన్ని 'హెడ్‌సెట్, ఫోన్ రెండింటిలో' అని మార్చా. ఇక ఇది స్పానర్ల కిందున్నా, సముద్రంలో ఉన్నా, ఫోను కూడా మోగుతుంది."

"మాట్లాడేటప్పుడో?"

"అప్పుడు వేరే. తెర మీద చూడు, మూడు గుర్తులు. ఇది హెడ్‌సెట్, ఇది ఫోను, ఇది అందరికీ వినపడే స్పీకరు. ఏది నొక్కితే గొంతు అటు పోతుంది."

"మన స్విచ్చు బోర్డే," అన్నాడు అతను మెచ్చుకోలుగా. "ఏ తీగ ఎటు పోవాలో అటు."

"ఇక వంకలుండవన్నమాట," అంది వంటగదిలోంచి భార్య.

కూతురు ఫోనుని అతనికి కుడిపక్కనున్న ఫ్రిజ్ మీద పెట్టింది. హెడ్‌సెట్‌ని గిన్నెల అలమరలో పెట్టి తలుపు మూసింది. ఎడమపక్క వంటగదిలో పొగలాగే ఫ్యాను మోగుతోంది. అతను ఆ సంగతి మర్చిపోయి పనిసంచి విప్పి, పాత గుడ్డతో స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటున్నాడు. ఆ అమ్మాయి తన ఫోను నుంచి చేసింది.

ఫ్రిజ్ మీద ఫోను మోగింది. గిన్నెల అలమరలోంచి సన్నగా హెడ్‌సెట్ కూడా పలికింది. భార్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతను స్క్రూడ్రైవర్ పిడి మీదున్న గ్రీజు మరకను గోటితో గీకుతున్నాడు.

"ఎత్తండి, ఇప్పుడేమంటారు?" అని నవ్వబోయింది ఆవిడ. ఆ మాట మధ్యలోనే నవ్వు ఆగిపోయింది.

అతను తలెత్తి ముందు భార్యను చూశాడు, తర్వాత కూతుర్ని. కూతురు చేతిలో ఫోను చూశాడు. అప్పుడు ఫ్రిజ్ వైపు తిరిగాడు. తెర వెలిగి ఉంది. కూతురు వేలు కదిలింది, వెలుగు ఆరిపోయింది.

"ఏంటి, చేశావా?" అన్నాడు.

"చేశా నాన్నా. ఇంకా సరిగ్గా సెట్ అయినట్టు లేదు. మళ్లీ చూస్తాలే."

"అదే మరి. నేను చెప్పలా?" అని అతను స్క్రూడ్రైవర్లను వరసలో సర్దుకున్నాడు.

భార్య లోపలికెళ్లి గిన్నెలు తెచ్చింది. వడ్డించింది. అడగకుండానే అతనికి ఎడమపక్క కూర్చుంది.

పొద్దున క్యారియరు మూత బిగిస్తూ ఒక్క మాట అడిగింది: "ఇవాళ మైకు కేబిన్ మీదికెక్కుతాడా?"

"రోజూ ఎక్కేవాడేగా."

"అవును. రోజూ ఎక్కేవాడే," అని ఆవిడ క్యారియరు అతని చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. అతనే తీసుకుని వెళ్లాడు.

ఆ రోజు పని ఒక పాత ఆఫీసుల భవనంలో. తాళంచెవులు తెచ్చిన వాచ్‌మన్ మోటారు గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదట. మేస్త్రి హెడ్‌సెట్ ఎడమ చెవికి తగిలించుకున్నాడు. ఫోన్ కలిపాడు.

"బావా, వినపడుతోందా? నీ మైకును మాట్లాడుతున్నా. చార్జింగ్ ఫుల్లు."

"వాగింది చాలు. కదుపుతున్నా."

"కదుపు."

కొంచెం కొంచెంగా పైకి తెస్తూ మధ్యమధ్య ఆపుతూ మూడొంతుల పని చేశారు. మైకు గొంతు ఎందుకో లోతుగా, దూరంగా వస్తున్నట్టనిపించింది. శబ్దం పెంచుదామని మేస్త్రి జేబులోంచి ఫోను తీశాడు. చేతికి గ్రీజుంది, బొటనవేలు పక్కకు జారింది. స్పీకరు గుర్తు వెలిగింది, అతను చూసుకోలేదు. ఫోనుని కుడిపక్కనున్న ఇనపబల్ల మీద పెట్టి, అప్పటికే "కదుపు" అని వచ్చి ఉంది కాబట్టి స్విచ్చు తిప్పాడు.

తాళ్లు కదిలాయి. మోటారు అదురు చెప్పుల్లోంచి కాళ్లకు తెలుస్తోంది. "ఆపు" కోసం చూస్తున్నాడు. హెడ్‌సెట్‌లో ఏమీ లేదు. ఇంకా దూరముందేమో అనుకున్నాడు. తాడు మీద అంతస్తుల లెక్కకు పూసిన తెల్లరంగు గుర్తు ఒకటి కంటి ముందుకొచ్చి దాటబోయింది. అదింకా రాకూడదు. స్విచ్చు వదిలేశాడు.

హెడ్‌సెట్ పాడైందనుకుని చెవినుంచి పీకాడు. ఎడమ చెవి తెరుచుకోగానే గది నిండా మైకు గొంతు.

"ఆపు! ఆపమంటుంటే బావా! ఆపు!"

అది బల్ల మీది ఫోనులోంచి వస్తోంది. గుమ్మంలో వాచ్‌మన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"అంత అరుస్తున్నాడు కదండీ! నేనూ అరిచాను. మీకు వినపడలేదా?"

మేస్త్రి హెడ్‌సెట్‌ని బల్ల మీద పడేశాడు. వంగి, తాళ్ల కన్నంలోకి చూశాడు. కింద కేబిన్ కప్పు మీద మైకు గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి తలమీద పెట్టుకుని ఉన్నాడు. వాడి తలకు పైన, జానెడు దూరంలో, గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనపకమ్మీ ఉంది. దాన్ని చూసే వాడు ఆపమన్నాడు.

కేబిన్‌ని చేత్తో తిప్పే చక్రంతో మెల్లగా దింపి వాణ్ని బయటికి తెచ్చారు. మైకు మోకాళ్లకంటిన దుమ్ము దులుపుకుని, వాచ్‌మన్ ఇచ్చిన మంచినీళ్లు తాగి, బావ ముఖం చూశాడు. వాడి గొంతు గరగరలాడుతోంది.

"మైకు రిపేరుకొచ్చింది బావా. డాక్టరు తిడతాడిక." గ్లాసు తిరిగిచ్చి, "ఆ గుర్తు వేలు తగిలి మారిపోయుంటుంది. నాకూ అవుతుందలా. పాడు ఫోన్లు," అన్నాడు.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

మిగిలిన పని ఆ రోజు చెయ్యలేదు. సామాను సర్దేటప్పుడు, మైకు కిందికెళ్లిన తర్వాత, మేస్త్రి ఫోనులో ఒక పాట పెట్టి కుడి చెవి దగ్గర పట్టుకున్నాడు. ఫోను అద్దం చెవికి చల్లగా తగిలింది, అంతే. ఎడమ చెవికి మార్చాడు. పాట వినపడగానే ఆపేశాడు.

సాయంత్రం మైకుని తనతోపాటే ఇంటికి తీసుకొచ్చాడు. అక్క వాణ్ని పైనుంచి కిందిదాకా చూసి, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు మీద చూపు ఆపింది.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. మేకు గీరుకుంది."

"నీ గొంతేంటి అలా ఉంది? అరిచావా?"

"పాట పాడా. బావ వద్దన్నా వినలేదు."

ఆవిడ నవ్వలేదు. టీ గ్లాసులు తెచ్చి నలుగురికీ పెట్టింది. మేస్త్రి తన కుర్చీలో కూర్చోలేదు. మైకుని అందులో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. అక్కడినుంచి ముగ్గురి ముఖాలూ కనిపిస్తాయి.

కూతురు చెయ్యి చాపింది. "ఫోను ఇటివ్వు నాన్నా. నిన్నటి సెట్టింగు ఇంకోసారి చూస్తా."

"వద్దమ్మా. సెట్టింగు బాగానే ఉంది. నిన్న కూడా బాగానే మోగింది."

ఎవరూ గ్లాసు ఎత్తలేదు.

"రేపు పొద్దున చెవి డాక్టరు దగ్గరికి పోతున్నా," అన్నాడు అతను. "సూపర్‌వైజరుకు నేనే చెప్తా, మీరెవరూ చెప్పొద్దు. ఒరేయ్ మైకూ, ఇకమీద మోటారు గదిలో నువ్వుంటావు. స్విచ్చు నీది. కేబిన్ మీదికి నేనెక్కుతా. 'కదుపుతున్నా' అని నువ్వడిగితే, వినపడితేనే 'కదుపు' అంటా. నేను అనకపోతే నువ్వు కదపొద్దు."