పశువుల దళారి కుప్పయ్య చూసిన పన్ను

మొన్న కుప్పయ్య గురించి చెబుతూ చెబుతూ ఇంకెక్కడికో పోయాను కదా, మళ్ళీ మొదలుపెడతాను. కుప్పయ్య వడమాలపేటలో పశువుల దళారి. యాభై ఏళ్ళుంటాయి. ఎద్దు నోరు తెరిచి దాని ఈడు చెప్పడం ఆయన పని. దవడ పట్టి ఒక్కసారి చూసి ‘నాలుగు పళ్ళ కోడె’ అన్నాడంటే ఇక దాని మీద వాదన ఉండదు.

ఆయనకే ముందుపళ్ళు రెండు లేవు. పాతికేళ్ళప్పుడు పళ్ళు నల్లబడ్డాయని పీకేవాడి దగ్గరకు పోతే, వాడు నల్లగా ఉన్న రెండూ పీకేశాడు. పక్కన తెల్లగా ఉన్న పన్ను ఏడాది తిరక్కుండా పుచ్చి విరిగింది. కుప్పయ్య ఆ పీకిన పళ్ళను పారేయకుండా రాతి మీద పెట్టి పగలగొట్టి చూశాడట. లోపల పుప్పి అన్నదే లేదు. అప్పటినుంచి ఎద్దు నోరైనా మనిషి నోరైనా రంగు చూసి మాత్రం మాట్లాడడు.

ఈ పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం మాఘంలో నేను సంతలో ఆయన పక్కన కూర్చుని ఉండగా చెంగల్రాయుడు, భార్య తాయమ్మ అటుగా వచ్చారు. అతను నాదస్వరం వాయిస్తాడు. చంద్రగిరి జాతరలో మేళం ఒప్పుకున్నాడు, పదిహేను రోజులే ఉన్నాయి.

“యాడికబ్బా, మొగం యాలాడేసుకోని?” అన్నాడు కుప్పయ్య.

“ముందరి పన్ను పుచ్చిండాది మామా. పుత్తూరికి పోయి పీకించుకోవల్ల.”

“పీకించుకుంటే నాదస్వరం ఎట్ల వాయిస్తావు?”

పన్ను ఆసరా లేకపోతే పెదవి లోపలికి పోతుంది, నోట పెట్టుకునే నాదస్వరం పీక నిలవదు. ఉంచుకుంటే పుప్పి పక్క పళ్ళకూ పాకుతుందని చెంగల్రాయుడి భయం. “ఎద్దుకు పైన ముందరి పళ్ళే ఉండవు గదా మామా, మెయ్యడం లేదా?” అన్నాడు.

“మేస్తాదప్పా. నాదస్వరం వాయించదు. నొప్పి ఉండాదా?”

“సల్లనీళ్ళు తాగితే జివ్వుమంటాది. వారం నించి.”

తాయమ్మ అందుకుంది. “వారం నించి సింతపండూ ఇటికపొడీ ఏసి తోముతా ఉండాడు మామా. మేళంలో ఇత్తడి తాళాలు తోమేదీ దాంతోనే, పన్ను తోమేదీ దాంతోనే. తాళాలన్నా మెరిసినాయి.”

కుప్పయ్య అతన్ని ఎండలోకి తిప్పి కూర్చోబెట్టాడు. తుండుగుడ్డ కొసతో పళ్ళన్నీ తడి లేకుండా తుడిచాడు. “తడి పన్ను అబద్ధం సెప్తాది,” అన్నాడు. నల్లటి గీత మీద గోరు నడిపాడు. ఎక్కడా పట్టుకోలేదు, నున్నగా జారింది. ఆ గీత ఒక్క పన్నుకే లేదు, చిగుళ్ళ వెంబడి అన్నిటికీ ఒకే తీరుగా ఉంది.

“ఇది తమలపాకులు నమిలి నమిలి పట్టిన కర. పుప్పి ఇట్ల వరసగా రాదు, ఒక తావు సూసుకోని కూసుంటాది. జివ్వుమనేది సింతపండు పులుపుకి. ఆపు, తగ్గతాది.”

తర్వాత పెదవి ఓ పక్కకు లాగి చూస్తూ ఉండిపోయాడు. కోరపన్ను మొదట్లో గోరంత తెల్లటి మచ్చ. చుట్టూ పన్ను మెరుస్తోంది, అది మాత్రం ఆరిన సున్నంలా ఉంది.

“ఈడేం పెట్టుకుంటావబ్బా?”

“తాటిబెల్లం. పాటకీ పాటకీ మద్దెలో, నోరెండిపోకుండా.”

“అదీ. నల్లదాన్ని సూసి ఏడస్తా ఉండావు, పుప్పి మొదలయ్యేది ఈ తెల్లదాంట్లో. ఇంకా గుంట పడలా. బెల్లం మాను, తిన్నప్పుడంతా నోరు పుక్కిలించు. మూడు నెలలకి మళ్ళా రా. గోరు పట్టుకునిందంటే తిరుపతి డాక్టరు కాడికి పోవల్ల.”

“తెల్లగా ఉండేదాన్ని పుచ్చిందంటావేంది మామా,” అని చెంగల్రాయుడు నవ్వాడు. పుత్తూరు మాత్రం పోలేదు. జాతరలో రెండు పూటలా వాయించాడు. చన్నీళ్ళకు జివ్వుమనడం కూడా పోయిందట.

మూడు నెలలు మొన్న పౌర్ణమితో అయిపోయాయి. అతను రాలేదు. తాయమ్మ సంతలో కనబడితే కుప్పయ్య అడిగాడు. నొప్పి లేదు గదా అంటున్నాడట, బెల్లం మళ్ళీ మొదలుపెట్టాడట.

“నొప్పి వచ్చినాక నేను సూసేదేముండాది,” అన్నాడు కుప్పయ్య నాతో. ఆయన పిలవని ఇంటికి పోడు. నాకా పట్టింపు లేదు. రేపు ఎండెక్కగానే చెంగల్రాయుడి ఇంటికి పోయి, అతన్ని వెంటబెట్టుకుని వడమాలపేట రావాలి.