వెనక రెండు వరుసల పటం

పాఠం చెప్పడం పుట్టుకతో రావాలి గాని ఒకరు నేర్పితే వచ్చేది కాదని చాలామంది అనుకుంటారు. ఉపాధ్యాయులూ కాదనరు. బాగా చెప్పేవారికి అది పొగడ్త, చెప్పలేనివారికి సాకు. ప్రాథమిక పాఠశాలల్లో కొత్త ఉపాధ్యాయులకు తోడుండి పని నేర్పే ఉద్యోగంలో తొమ్మిదేళ్లు గడిపిన ఒకామె కూడా లోలోపల ఈ మాటే నమ్మేది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఆమె మూడో తరగతికి పాఠాలు చెప్పింది. తనకు అది పుట్టుకతోనే వచ్చిందని ఆమె అనుకోవడంలో వింత లేదు.

బళ్లలో ఆమెకు ‘వెనక బెంచీ మేడం’ అని పేరు. చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, కాగితం మీద తరగతి పటం గీసేది. పిల్లకో గడి. టీచరు ఎవరిని ప్రశ్న అడిగితే వారి గడిలో ఒక గీత. ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టే భర్తకు ఇదొక వేడుక.

“ఈ వయసులో రోజూ వెనక బెంచీయేనా? ఏ పరీక్ష తప్పావో చెప్పవు!”

“మిమ్మల్ని ఎంచుకున్న పరీక్షండీ.”

ఆ ఏడాది ఆమె చూడవలసినవారిలో రెండో తరగతికి చెప్పే ఒక అమ్మాయి ఉంది. నెలాఖరుకు ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం కావాలి, లేదా పోవాలి. మేడం వెళ్లిన రోజు పాఠం అద్భుతంగా సాగింది. ప్రశ్న పూర్తి కాకముందే చేతులన్నీ లేచాయి. పుట్టుకతో వచ్చినదంటే ఇదేనని మేడం అనుకుంటూ పక్కనున్న పాప నోటుపుస్తకం తిరగేసింది. అవే లెక్కలు, రెండు వారాల కిందటి తేదీతో, దిద్ది ఉన్నాయి.

“మీరొస్తే మళ్లీ ఇవే చేయాలంది టీచర్. మీరు రోజూ రండి మేడం, భలే సులువు!” అంది పాప గుసగుసగా.

బడి విడిచాక మేడం అడిగింది. “పాత పాఠం ఎందుకు చెప్పావమ్మా?”

అమ్మాయి తడబడలేదు. “కొత్తదైతే వెనక రెండు వరుసలూ నోరు తెరవవు మేడం. ఉద్యోగం పోతుంది.”

“తెరవని రోజు చూడ్డానికే కదా నేను వచ్చేది.”

“చూసి మార్కులు వేసేదీ మీరేగా!”

మేడం తన పటం మడిచి, “రేపు కొత్త పాఠం నేను చెప్తాను. నువ్వు వెనక కూర్చుని గీతలు పెట్టు,” అంది.

మర్నాడు పది పుల్లల కట్టలు విప్పి తీసివేతలు నేర్పింది. పిల్లలు నవ్వారు, పుల్లలు లెక్కపెట్టారు. బాగానే జరిగిందని ఆమెకు తోచింది. అమ్మాయి పటం చేతికిచ్చింది. ముందు రెండు వరుసల్లో ముప్పై ఒక్క గీతలు. వెనక రెండు వరుసల్లో ఒక్క గీత, రెండు సున్నాలు.

“ఈ సున్నాలేంటి?”

“అవి ప్రశ్నలు కావు మేడం. ‘ఏంటా మాటలు?’ అని రెండుసార్లు గదిమారు. లెక్కలోకి వస్తాయో రావో తెలియక…”

మేడం నవ్వింది, కాని పటం మీది నుంచి చూపు తిప్పుకోలేదు. పంతొమ్మిదేళ్లలో ఆమె తరగతికి ఎవరూ పటం గీయలేదు.

ఇంట్లో చెబితే భర్త సూది ఆపలేదు. “నా చొక్కా వీపు ముడత నాకెప్పుడైనా కనపడిందా? నువ్వేగా చెప్తావు.”

“చెప్తే కోప్పడతారుగా.”

“కోప్పడి, విప్పి కుట్టట్లేదూ?”

విద్యాశాఖ కార్యాలయం పంపిన పత్రంలో రెండే గడులున్నాయి. ‘సమర్థులు’ అని గుర్తు పెడితే ఆ తరగతికి ఇక ఎవరూ తోడు రారు, వెనక వరుసలు అలాగే ఉండిపోతాయి. రెండోదానిలో పెడితే అమ్మాయి వెళ్లిపోతుంది. మేడం రెండూ వదిలేసి, ‘ఇంకా మూడు నెలలు తోడు కావాలి’ అని రాసి, అమ్మాయి పాఠానికి తాను గీసిన పటంతోపాటు తన పాఠానికి అమ్మాయి గీసిన పటాన్నీ జతచేసింది.

అధికారి ఫోన్ చేశాడు. “మూడో గడి మీరు గీస్తే ఎలా మేడం? పైగా మీ తప్పు మీరే పంపడం దేనికి? వచ్చే నెల శిక్షణ కేంద్రానికి మిమ్మల్నే అధిపతిగా వేద్దామనుకుంటుంటే!”

“నేనక్కడ నేర్పేది ఈ పటమే కదండీ.”

“సరే, గడువిస్తాను. కాని ఆ మూడు నెలలూ మీరు ఆ బళ్లోనే ఉంటానని సంతకం పెట్టాలి. కేంద్రం పదవి అంతవరకు ఆగదు, వేరేవాళ్లకు వెళ్తుంది. ఆలోచించుకోండి.”

ఆమె ఆ సాయంత్రమే సంతకం పెట్టి పంపింది. సోమవారం నుంచి ఆ రెండో తరగతిలో ఉదయం పాఠం మేడం చెబుతుంది, అమ్మాయి వెనక బెంచీలో గీతలు పెడుతుంది. మధ్యాహ్నం అమ్మాయి చెబుతుంది, మేడం పెడుతుంది. పాత పాఠాలు చెప్పకూడదని ఇద్దరూ ఒప్పుకున్నారు.