పొగగొట్టం కొరికిందెవరు?

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్లక్క అంటారు. బోసినోళ్లకు కట్టుడుపళ్లు చేయడం ఆమె పని. ఆ పళ్లతో ఒకాయన నిద్రలో మంచంకోడు కొరికితే తెల్లారేసరికి మంచం ఒరిగిందిగానీ పన్ను కదల్లేదట. నమ్మకపోతే వెళ్లి మంచాన్నే అడగండి.

ఆమె పనిలో ఒక కిటుకుంది. పళ్లన్నీ తీరుగా ఉంటే కట్టుడువని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ప్రతి వరసలోనూ ఒక పన్నును కావాలని వంకరగా కూర్చేది. ఎవరి నోటికి తగ్గ వంకర వాళ్లకి.

ఒకరోజు చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. వీధి చివరి బేకరీలో కేకులు చేస్తుందామె. కిటికీ అద్దం వెనక పెట్టడానికి చాక్లెట్‌తో ఓ ఇల్లు కట్టింది. పొద్దున్న చూస్తే దాని పొగగొట్టం సగం లేదు!

"తాళంచెవి నా దగ్గరుంది కాబట్టి నేనే తిన్నానట అక్కా. రేపట్నుంచి రావద్దన్నాడు మా యజమాని."

"తిన్నావా?"

"అక్కా!"

"అడగాలిగా. చిన్నప్పుడు నా పుట్టినరోజు కేకు ఏదే అంటే ఖాళీ పళ్లెం చూపించావు."

ఇద్దరూ బేకరీకి వెళ్లారు. పళ్లక్క భూతద్దం తీసింది.

"ఏం చూస్తారండీ? తిన్నవాళ్ల ఊరూ పేరూ రాసుంటుందా?" అన్నాడు యజమాని.

రాసే ఉంది. చాక్లెట్ మీద పళ్ల గుర్తులు అచ్చుపోసినట్టున్నాయి. ఎడమ కోరపన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది. పళ్లక్క ఇట్టే పోల్చుకుంది. ఆ వంకర తను పెట్టిందే, అదీ ఈ యజమాని తల్లికే! డాక్టరు తీపి మానమన్నాడని కొడుకు చక్కెర డబ్బాకి కూడా తాళం వేశాడు. ఆవిడ ఉండేది మేడమీద. అక్కణ్ణించి దుకాణంలోకి మెట్లున్నాయి.

ఇక్కడే చెప్పేస్తే పెద్దావిడ పరువు పోతుంది. చెప్పకపోతే చెల్లెలి పని పోతుంది. "ఇప్పుడే వస్తా" అని పళ్లక్క మేడెక్కింది.

"మామ్మగారూ, పళ్లెలా ఉన్నాయి?"

"బంగారంలా ఉన్నాయే తల్లీ. నేనసలు కిందికి దిగనే లేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"దిగారని నేననలేదే. ఏదీ, ఓసారి ఇటివ్వండి, సానపెడతాను."

పళ్లు చేతిలో పడ్డాయి. సందులో చాక్లెట్ ఇంకా ఉంది. పళ్లక్క వాటిని చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

"మా చెల్లెలి పని పోతోంది మామ్మగారూ."

పెద్దావిడ మొహం వాడిపోయింది. "అయ్యో, ఆ పిల్లమీదికి పోయిందా? ఎలుకనుకుంటాడులే అనుకున్నా."

"ఎలుకలకి నేను పళ్లు కట్టను."

"అయితే నా పళ్లు నాకియ్యి. వచ్చి చెబుతా."

"నిజం చెప్పడానికి పళ్లక్కర్లేదు."

పెద్దావిడ చురచురా చూసింది. ఆపైన మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, కొడుకు ముందు నిలబడింది. "నేనేరా కొరికింది! డబ్బాకి తాళం వేశావు, కొంప కొరికాను. ఆ పిల్లని ఏమైనా అన్నావో, గోడలు కూడా తినేస్తా."

"చీకట్లో ఆ మెట్లు ఎలా దిగావే అమ్మా? పడితేనో?" అంటూ యజమాని కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా, రేపు మామూలుగా వచ్చెయ్" అన్నాడు.

"రేపెందుకు? పొగగొట్టానికి చాక్లెట్ ఇప్పుడే పొయ్యాలి" అని ఆమె నడుం బిగించింది. కొరికిన ముక్కను విరిచి, ఏం చెయ్యమంటావన్నట్టు అక్క చేతిలో పెట్టింది.

పళ్లక్క దాన్ని టక్కున నోట్లో వేసుకుంది. "సాక్ష్యం మిగలకూడదు" అంది.