మిరప ఘాటు పెట్టిన ప్రాక్టికల్ పరీక్ష

2003. గుంటూరు కొత్తపేటలో ఓ నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జిల్లాలోని ఆసుపత్రులన్నీ తిరిగి, వసతులు చూసి మార్కులు వేసే ప్రభుత్వ నర్సు ఉద్యోగం పడిందని పేపర్లో చూశాను. ఈ పనిని ఫెసిలిటీ అసెస్‌మెంట్ అంటారు. రోగికి కావలసినవి అక్కడ నిజంగా ఉన్నాయా లేదా అని తేల్చడమన్నమాట. వయసు పరిమితి ప్రకారం నాకదే ఆఖరి అవకాశం.

"ఇంట్లో అన్నిటికీ వంకలు పెడతావుగా మస్తాన్‌బీ, ఈ ఉద్యోగం నీకు కాక ఎవరికొస్తుంది," అన్నాడు మా ఆయన, దరఖాస్తుకు ఫొటో అంటిస్తూ. ఆయన టైలరు. కుట్టు వంకరపోతే నేను ఊరుకోను మరి.

రాతపరీక్ష గట్టెక్కాను. ప్రాక్టికల్‌కి నలుగురు అభ్యర్థుల్ని జీపులో పెదకాకాని అవతల ఓ పల్లెలోని ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్లారు. ఆసుపత్రికి మేం మార్కులు వెయ్యాలి. మాకు మాతో వచ్చిన పెద్ద డాక్టరుగారు వేస్తారు. మిరప కళ్లాల రోజులు కావడంతో జీపు దిగీదిగగానే అందరికీ తుమ్ములు.

ఆసుపత్రి మాత్రం పెళ్లిపందిరిలా ఉంది. కొత్త సున్నం, గుమ్మానికి తోరణం, మంచాల మీద తెల్లటి దుప్పట్లు. అక్కడి నర్సు రత్నకుమారి గారు చేతులు జోడించి నిలబడ్డారు. నాకు దిగులు పట్టుకుంది. నలుగురమూ నూటికి నూరు వేస్తే నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు?

డాక్టరుగారు ఓ దుప్పటి తడిమి, "భేష్" అని, అదే చేత్తో మొహం తుడుచుకున్నారు. మరుక్షణం "అబ్బా, మంట" అంటూ మంచం మీద కూలబడ్డారు.

"దుప్పట్లు ఎక్కడ ఆరేశావే?" అన్నారు రత్నకుమారి గారు ఆయాతో.

"మేడ మీదేనమ్మా. మా మిరపకాయలు పక్కకి జరిపే ఆరేశాను," అంది ఆయా రాహేలమ్మ.

"నలపకండి సార్," అంటూ ఆయన్ని చెయ్యిపట్టుకుని వాష్ బేసిన్ దగ్గరికి తీసుకెళ్లాను. కుళాయి తిప్పితే బుస్సుమంది తప్ప చుక్క రాలేదు. లేబర్ రూములోనూ అంతే. మోటారు ఎప్పుడో కాలిపోయిందట. రాహేలమ్మ పరుగెత్తి బోరింగు దగ్గర్నుంచి బిందె తెచ్చింది. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, బిందెడు నీళ్లూ ధారగా కళ్లలో పోశాను.

"అమ్మాయ్, కుళాయి సంగతి రాయకు. ఇప్పటికే పరువు పోయింది," అన్నారు రత్నకుమారి గారు చెవిలో.

"రాయకపోతే మోటారు రాదండి. కాన్పు చేసి చేతులు దేంతో కడుక్కుంటున్నారు?"

ఆవిడ నా చేతిలోని కాగితం వంక వేలు చూపించారు. "అయితే పెద్దక్షరాలతో రాయి. నేను రాసి రాసి విసిగిపోయాను."

తిరుగుదారిలో డాక్టరుగారు ఎర్రటి కళ్లతో అందరి మార్కులూ అడిగారు. మిగతా ముగ్గురూ నిండుగా వేశారు. నా వంతు వచ్చింది.

"దుప్పట్లకి నిండుగా వేశానండి. నీళ్లకి సున్నా."

"సున్నాకంటే తక్కువ వేసే వీలు లేదా అమ్మా?" అన్నారాయన. జీపులో అందరం పగలబడి నవ్వాం.

ఆర్డరు చేతికొచ్చిన రోజు మా ఆయన మిషను ఆపి వీధంతా చెప్పొచ్చాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఆసుపత్రిని చూస్తే తెలియదు, వాడితేనే తెలుస్తుందని ఆ ఊళ్లో నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎక్కడికి తనిఖీకి వెళ్లినా, కుర్చీ వేసి కాఫీ ఇవ్వబోతే ముందు చేతులు కడుక్కుంటానంటాను. ఈవిడకి శుభ్రం పిచ్చి అనుకుంటారు వాళ్లు. కుళాయి తిప్పేదాకా అలాగే అనుకోనిస్తాను.