పులికాట్ గాలి, నా కార్బన్ చక్రాలు

పోయిన నెల పులికాట్‌లో నేను సైకిల్ మింద బయలుదేరి పడవలో చేరినాను. అందరికన్నా ముందు చేరినాను, అది వేరే సంగతి. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత నిదానంగా వినచ్చు.

నేను తిరపతిలో ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేస్తాను కదా. పొద్దస్తమానం కూసోనుండే పని. నలభై దాటినాక నడుము పట్టేస్తా ఉంటే, బ్యాంకులో పనిచేసే మా సరోజ వాళ్ల సైకిల్ గ్రూపులో చేరమనింది. చేరినాను. గ్రావెల్ బైక్ కొన్నాను. అదేం లేదు, తారు రోడ్డు మిందా పోతాది, గులకరాళ్ల బాటలోనూ పోతాది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల మాదిరి వంగుంటాది. చూసేదానికి బలే ఉంటాది. తొక్కేది మాత్రం నేనే గదా, అందుకని రెండేళ్లుగా గ్రూపులో నేనే చివర. అందరూ టీ తాగి, గ్లాసులు కింద పెట్టి, ఫోన్లు చూసుకుంటా ఉంటారు, అప్పుడు నేను వస్తాను. "వచ్చేసింది హైమక్క" అని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లే నాకు పడవు. ప్రేమతోనే కొడతారు. అయినా పడవు.

నా కాళ్ల తప్పు కాదు, చక్రాల తప్పు అని ఒకరోజు నాకు తోచింది. బండితో పాటు వచ్చిన చక్రాలు అల్యూమినియంవి, బరువు. కార్బన్ చక్రాలు వేస్తే బండి ఎగిరిపోతాదని వీడియోల్లో అందరూ చెప్తా ఉండారు. ఇంక నాకు అదే ధ్యాస. పప్పు కుక్కర్లో పెట్టి చక్రాలు చూసేది, మూడు విజిల్స్ అనుకున్నది ఏడు అయ్యేది. డిస్క్ బ్రేకుకి సరిపోతాయా, ఇరుసు మన బండిదేనా, లావు టైరు పడతాదా, అన్నీ చదివినాను. డాక్టర్లు రిపోర్టు చదవరు అంత శ్రద్ధగా.

చివరికి రెండు మిగిలినాయి. ఒకటి రిమ్ము ఎత్తు తక్కువది, వెడల్పుగా, మామూలుగా ఉండాది. రెండోది డీప్ రిమ్ము. అంటే చక్రం అంచు బెత్తెడు దగ్గర దగ్గరగా లోపలికి దిగుంటాది, నల్లగా నిగనిగలాడతా. పోతా ఉంటే "ఊమ్" అని ఒక శబ్దం వస్తాది. వీడియోలో ఆ శబ్దం వింటేనే నాకు ఒళ్లు పులకరించింది.

సరోజకి ఫోన్ చేసినాను.

"అక్కా, మట్టిబాటకి తక్కువ ఎత్తుదే తీసుకో. పెద్దవి రోడ్డు రేసులోళ్లకి. పక్కగాలి కొడితే పట్టుకోలేవు" అనింది.

"తిరపతిలో గాలి యాడుండాది సరోజా? ఫ్యాన్ వేసుకుంటే గానీ గాలి లేదు" అన్నాను.

మా ఆయన మురళి స్కూల్లో లెక్కలు చెప్తాడు. ఉప్మా తింటా నా ఫోన్లోకి తొంగిచూసినాడు.

"ఏ రంగుది తీసుకుంటా ఉండావు?"

"నలుపు."

"రెండూ నలుపే గదా. మరి ఇన్ని దినాలుగా ఏం సూస్తా ఉండావు?"

ఆయనతో ఏం మాట్లాడతాము. డీప్ రిమ్ములే ఆర్డర్ పెట్టేసినాను.

వచ్చినాక షాపులో బిగించి ఇచ్చినారు. మా వీధిలో ఒక రౌండు కొట్టినాను. ఊమ్ అని శబ్దం వచ్చింది. ఇస్త్రీ బండి కాడ నిలబడినోళ్లు తిరిగి చూసినారు. ఇంటికొచ్చి మా ఆయనతో "బండి దానంతట అదే పోతా ఉండాది" అన్నాను. ఆ మాట ఎంత నిజమో అప్పటికి నాకు తెలీదు.

తర్వాత ఒక ఆదివారం పూతలపట్టులో మా చిన్నమ్మ ఇంటికి పోతా, సైకిల్ని కార్లో వేసుకోని పోయినాము. ఆడ రోడ్డు మింద తొక్కతా ఉంటే ఒక బస్సు పక్కనుంచి రయ్యిన పోయింది. ముందు చక్రం ఒక్కసారి ఊగి, నేను రోడ్డు దిగి కంపచెట్ల దాకా పోయి ఆగినాను. చిన్నమ్మ దూరం నుంచే చూసి, "ఏమే, సైకిల్ కొత్తగా నేర్చుకుంటా ఉండావా?" అనింది. బస్సు డ్రైవరుకి బండి నడిపేది రాదని చెప్పినాను. నేను కూడా అట్లే నమ్మినాను.

అప్పుడొచ్చింది పులికాట్ రైడు. సూళ్లూరుపేట దాకా కార్లలో పోయి, ఆడనుంచి చెరువు కట్ట మింది మట్టిబాటలో తొక్కుకుంటా ఒక చేపలోళ్ల ఊరికి పోయి, ఒకరింట్లో భోజనం చేయాల. మా ఆయన కారు తీసుకోని తారు రోడ్డులో ఆ ఊరికి వచ్చేస్తాడు. గ్రూపులో అందరికన్నా జోరుగా తొక్కేది భాస్కర్, టైల్స్ షాపాయన. ఆయన నా చక్రాలు చూసి, "అక్కా, ఇయ్యాల మమ్మల్ని వదిలిపెట్టి పోతావేమో" అన్నాడు. నేను వినయంగా నవ్వినాను. లోపల మాత్రం అదే నా ప్లాను.

మొదట్లో నిజంగానే బాగుండింది. వాళ్లతో సమానంగా పోయినాను. సరోజ పక్కకొచ్చి "బలే తొక్కతా ఉండావక్కా" అనింది. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం పక్కనుంచి గాలి మొదలయింది. ముందు చెంపకి తగిలింది, హాయిగా అనిపించింది. తర్వాత చక్రానికి తగిలింది.

హ్యాండిల్ నా చేతుల్లోనే ఉండాది గానీ నా మాట వినలేదు. గాలి కొడితే బండి ఎడమకి పోతాది, నేను కుడికి లాగతాను, గాలి తగ్గితే కుడికి పడబోతాది, మళ్లీ ఎడమకి లాగతాను. వెనకనుంచి ఎవురన్నా చూసుంటే పొద్దున్నే తాగేసి వచ్చింది అనుకోనుంటారు. వాళ్లు ముందుకి పోతానే ఉండారు. వాళ్ల వీపులు చిన్నవయినాయి. పక్షుల్ని చూసేదానికి ఆగుతామని ముందే చెప్పినారు, ఆడ కలుసుకుందాములే అనుకున్నాను.

ఒక పెద్ద గాలి వచ్చింది. ఈసారి నేను పోరాడలేదు. బండి కట్ట దిగింది, గడ్డి దాటింది, నీళ్లలోకి పోయింది, బురదలో ఆగింది. అంతా నిదానంగా, మర్యాదగా జరిగింది. సైకిల్ బురదలో కూరుకోని నిటారుగా నిలబడింది. నేను దాని పక్కన నడుము దాకా నీళ్లలో కూసోనుండాను. దెబ్బ ఏమీ తగల్లేదు. కొంచెం దూరంలో ఫ్లెమింగోలు ఒంటికాలి మింద నిలబడి నన్నే చూస్తా ఉండాయి. ఫోను తీసి చూస్తే దాంట్లోనుంచి నీళ్లు కారినాయి.

భయం అప్పుడు పుట్టింది. కట్ట మింద మనిషి లేడు. వాళ్లు నాకోసం ఎదురుచూసి, నేను రాకపోతే వెనక్కి వెతుక్కుంటా వస్తారు. కట్ట మిందనుంచి నేను కనపడతానో లేదో. లేద్దామంటే ఒక కాలు బూటుతో సహా బురదలో ఇరుక్కోనుండాది.

అంతలో ఒక చిన్న పడవ వచ్చింది. మొగుడూ పెళ్లాం, వల తీసుకోని ఇంటికి పోతా ఉండారు. ఆయన పేరు పోలయ్య, ఆమె రమణమ్మ. పడవ ఆపి ఆమె నన్ను, నా హెల్మెట్‌ని చూసింది.

"ఏందమ్మా, ఆడ కూసోనుండావు?"

"పడినానమ్మా."

"అది తెలస్తానే ఉండాది. లేస్తావా, ఇంకాసేపు కూసుంటావా?"

ఇద్దరూ దిగి నన్ను లాగినారు, తర్వాత బూటుని లాగినారు, తర్వాత సైకిల్ని లాగినారు. మేము భోజనానికి పోయే ఊరు వాళ్ల ఊరేనంట. కట్ట మింద చుట్టు తిరిగి పోవాల, నీళ్లలో అయితే ఎదురుగానే. పోలయ్య ఫోన్ తీసుకోని మా ఆయనకి చేసినాను. ఆయన నెంబరొకటే నాకు నోటికొచ్చేది.

"ఏమండీ, నేను పడవలో వస్తా ఉండాను."

"సైకిల్ ఏమయింది?"

"అదీ వస్తా ఉండాది."

"దాన్ని ఎవురు తొక్కతా ఉండారు?"

లెక్కల మాస్టరు కదా, ఒక్కో మెట్టూ ఎక్కాల. బాగుండానని, సరోజకి ఫోన్ చేసి కంగారు పడొద్దని చెప్పమని చెప్పి పెట్టేసినాను.

పడవలో సైకిల్ని నిలబెట్టి పట్టుకున్నాను. పోలయ్య గడకర్రతో తోస్తా ఉండాడు, పడవేమో పక్కకి తిరగతా ఉండాది. కాసేపు చూసి అన్నాడు: "అమ్మా, ఆ చక్రాన్ని గాలికి అడ్డం పెట్టబాక. పడవ నా మాట వినటం లా."

నేను తిప్పబోతే రమణమ్మ ఆపింది. "ఉండనీయ్యా, మన ఊరి పక్కకే తోస్తా ఉండాది గదా."

పోలయ్య గడకర్ర పడవలో పెట్టి బీడీ ముట్టించినాడు. అంత ఆలోచించి తీసుకున్న చక్రాలు నన్ను నిజంగా ముందుకి తీసుకుపోయింది ఆడనే.

ఊరు చేరినాక రమణమ్మ నన్ను వాళ్లింటికి తీసుకుపోయి, చేతిపంపు కాడ నిలబెట్టి నీళ్లు కొట్టింది. తన చీర ఒకటి ఇచ్చింది. సైకిల్ని పోలయ్య కడిగి, భోజనం పెట్టే ఇంటి ముందర ఆనించినాడు. చక్రాలు కొత్తగా మెరస్తా ఉండాయి. మా ఆయన ఆడ ముందే కూసోని మజ్జిగ తాగతా ఉండాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "చీర బాగుండాది" అన్నాడు.

నాకు అన్నం పెట్టినారు, రొయ్యల వేపుడు వేసినారు. సగం తిన్నాక మా వాళ్లు వచ్చినారు. ఆ గాలిలో తొక్కి తొక్కి మొహాలు వాడిపోయుండాయి. గుమ్మంలో నన్ను చూసి అందరూ నిలబడిపోయినారు.

"అక్కా, నువ్వు మమ్మల్ని యాడ దాటినావు?" అనింది సరోజ.

నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మా ఆయన సరోజకి ఫోన్ చేసి, "హైమ మీకన్నా ముందే వచ్చేస్తాదంట, దాని కోసం ఆగొద్దండి" అని చెప్పినాడు. అంతే చెప్పినాడు. దాంట్లో అబద్ధం ఏమన్నా ఉండాదా అంటే, లేదు. తాము పక్షుల్ని చూస్తా ఉండంగా నేను దాటిపోయినానని వాళ్లు అనుకున్నారు.

"స్నానం చేసి, చీర కూడా కట్టేసుకుందిరా" అని ఎవురో వెనకనుంచి అన్నారు.

నిజం చెప్పాలనే నోరు తెరిచినాను. నోట్లో రొయ్య ఉండింది. నమిలేలోపల భాస్కర్ పోయి నా సైకిల్ ముందర గొంతుకూసున్నాడు. రిమ్ముని వేలితో తట్టినాడు. "ఏం చక్రాలక్కా ఇవి" అన్నాడు, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా. రెండేళ్లలో మొదటిసారి నన్ను అందరూ అట్లా చూస్తా ఉండారు. చెప్తాను, చెప్తాను, ఈ వేపుడు అయిపోనీ అనుకున్నాను. ఇంకోసారి వడ్డించుకున్నాను కూడా. మా ఆయన మజ్జిగ గ్లాసులోకే చూస్తా ఉండాడు, భుజాలు మాత్రం ఊగతా ఉండాయి.

పెరుగన్నం దాకా వచ్చినాము. రమణమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో నా బూటు.

"అమ్మా, నీ బూటొకటి మా పడవలోనే ఉండిపోయింది. బురద కడిగినాను. ఈసారి కట్ట మింద గాలిగా ఉంటే దిగి నడువు, నీళ్లలో కూసోబాక."

అందరూ బూటుని చూసినారు, నన్ను చూసినారు. తర్వాత సరోజ నవ్వడం మొదలుపెట్టింది. అన్నం కలిపిన చేత్తోనే గోడ పట్టుకోని నవ్వింది. అందరూ నవ్వినారు, రమణమ్మ ఎందుకో తెలీకుండానే నవ్వింది, నేనూ నవ్వినాను. భాస్కర్ ఒక్కడే నవ్వలేదు.

"అక్కా, నేను ఆర్డర్ పెట్టేసినాను" అన్నాడు.

ఆ సాయంత్రం కార్లో వస్తా సరోజ ఒక మాట చెప్పింది. ముందు చక్రం ఒక్కటే మార్చితే చాలంట, గాలికి తిరిగేది అదేనంట. మార్చినాను. ఇప్పుడు నా బండి ముందరనుంచి చూస్తే సాదాసీదాగా, వెనకనుంచి చూస్తే షోగ్గా ఉండాది. మొన్న గాలిలో తొక్కితే నా మాట వినింది. చివరే వచ్చినాను గానీ, వాళ్ల టీలు ఇంకా సగం ఉండంగానే వచ్చినాను.

నిన్న గ్రూపులో సరోజ మెసేజ్ పెట్టింది, మళ్లీ పులికాట్ పోదామని, ఎవరెవరు కట్ట మింద, ఎవరెవరు పడవలో చెప్పమని. భాస్కర్ ఎవురికన్నా ముందు 'పడవ' అని పెట్టినాడు. నేను 'కట్ట' అని పెట్టినాను. పెట్టినాక పోలయ్యకి ఫోన్ చేసి, ఆ పొద్దు వల తీసుకోని ఆ పక్కకి వస్తాడా అని కనుక్కున్నాను.