పిండి గోలెం

పొద్దున ఏడుంబావుకు నేను ఎర్ర సబ్బుతో చేతులు కడుక్కున్నాను. టైము ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. పక్కింటి రేడియోలో వార్తలు అప్పుడే ముగిశాయి. ఎనిమిదింటికి కాటికి వెళ్ళాలి కాబట్టి నేను గోడ గడియారం వైపు చూశాను. మా నాన్న పోయి అది మూడో రోజు.

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇవాళా నమ్మను. దొరికిన పుస్తకమల్లా చదివే అలవాటు ఉన్నవాణ్ణి. ఇలాంటి అనుభవాలు చాలానే చదివాను, చాలావాటిని సగంలో పక్కన పెట్టాను. అందుకే ఇక్కడ జరిగినది మాత్రమే రాస్తున్నాను.

మా నాన్న హనుమకొండలో ఒక పబ్లిక్ తోటలో మాలీ. వరంగల్ చూడటానికి వచ్చిన యాత్రికులు వేయిస్తంభాల గుడీ, కోటా చూసుకుని మధ్యాహ్నానికి ఆ తోటకు చేరేవారు. డెబ్బైలలో ఆదివారం వచ్చిందంటే గేటు ముందు బస్సులు వరసగా ఆగి ఉండేవి. తోటకు పేరు తెచ్చినవి గులాబీలు. పిడికిలంత పువ్వులు పూసేవి. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగకుండా ఎవరూ వెళ్ళేవారు కాదు.

వాళ్ళు వెళ్ళాక తోట ఎలా ఉండేదో నేను చూశాను. గడ్డి మీద ఎంగిలి విస్తళ్ళు, పులిహోర మెతుకులు, వాటి మీద ఈగలు. ఫౌంటెన్ నీళ్ళు పచ్చగా చిక్కబడి ఉంటే అందులో అరటి తొక్కలు. రాతి సింహం నోట్లో పాన్ ఉమ్మి. కోటలో తోరణాల చెక్కడాన్ని గంటసేపు మెచ్చుకుని వచ్చినవాళ్ళే గులాబీ మొదట్లో పిల్లల్ని దొడ్డికి కూర్చోబెట్టేవారు. అదంతా మా నాన్న ఎత్తేవాడు.

అసలు రోత పంపు గది వెనక ఉండేది. అక్కడ ఒక సిమెంటు గోలెం. గానుగలో నూనె తీశాక మిగిలే ఆముదం పిండి, పల్లి పిండి అందులో వేసి, నీళ్ళు పోసి పది రోజులు నానబెట్టేవాడు. గులాబీలకు అదే ఎరువు. మూడో రోజుకు నురగ వచ్చేది, ఐదో రోజుకు మీద తెట్టె కట్టేది, ఆ తర్వాత పురుగులు. చచ్చిన ఎలుకను ఆముదంలో ఊరబెట్టినట్టు ఉండేది ఆ వాసన. గాలి తిరిగితే ఫోటోలు దిగేవాళ్ళు ముక్కులకు కొంగులు, రుమాళ్ళు అడ్డం పెట్టుకునేవారు. తాము పట్టుకున్న పువ్వు ఆ నీళ్ళు తాగి అంత అయిందని వాళ్ళకు తెలియదు.

మిగతా మాలీలు గోలెంలో పిండిని కట్టెతో తిప్పేవారు. మా నాన్న కుడిచెయ్యి మోచేతి దాకా ముంచి, అడుగున ఉన్న గడ్డలను వేళ్ళతో చిదిపేవాడు.

"కట్టెతోని తిప్పితే గడ్డ అడుగున్నే ఉంటదిరా. అది పోయి చెట్టు మొదట్ల వడితె వేరు కాలిపోతది. చెయ్యికైతె దొరుకుతది" అనేవాడు.

సాయంత్రం బూడిదతో, చింతపండుతో ఎంత రుద్దుకున్నా వాసన పోయేది కాదు. గోళ్ళ కింద ఉండిపోయేది. ఆ చేత్తోనే అన్నం తినేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి నాకూ ఆ చేత్తోనే కలిపి పెట్టేవాడు. పదేళ్ళప్పుడు ఒకరోజు ఆ ముద్దను ఆయన ముందే ఉమ్మేశాను. ఆ తర్వాత మా మేనత్త వచ్చి మాతో ఉంది. వడ్డన ఆమె చూసుకుంది.

పెద్దయ్యాక నాకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం వచ్చింది. మా నాన్న ఒక్కసారి అక్కడికి వచ్చాడు. తడిగుడ్డలో చుట్టిన గులాబీలు తెచ్చాడు. నా భార్య అప్పుడు నర్సంపేటలో పుట్టింట్లో ఉంది. క్వార్టర్‌లో మేమిద్దరమే. నేనే వండాను. ఆయన కంచం పక్కన ఒక చెంచా పెట్టాను. నా కంచం పక్కన పెట్టుకోలేదు.

ఆయన దాన్ని చూశాడు. "చెంచతోని తింటె కడుపు నిండుతదా కొడుకా" అని నవ్వాడు. చెంచాతోనే తిన్నాడు. అలవాటు లేని పని కాబట్టి మెతుకులు కింద పడ్డాయి. వేళ్ళు అన్నానికి తగలకుండా చివరిదాకా జాగ్రత్తగా తిన్నాడు. మళ్ళీ డోర్నకల్ రాలేదు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా మా మేనత్తకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె నన్ను నిలబెట్టి అడిగేది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన రెండేళ్ళకు, ఎనభైల మొదట్లో, మా నాన్న దవాఖానలో పోయాడు. స్నానం చేయించేటప్పుడు ఆయన కుడిచెయ్యి నా చేతిలో ఉంది. ఫినాయిల్ వాసన తప్ప ఇంకేమీ లేదు. గోలెం వాసన ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక మూడో రోజు, హనుమకొండలో మా ఇంట్లో. ఏడుంబావుకు కడుక్కున్న చేతులు తువ్వాలుతో తుడుచుకుంటుంటే ఆ వాసన వచ్చింది. మోరీలో మురుగు అనుకున్నాను. పెరట్లో ఎలుక చచ్చిందేమో అనుకున్నాను. తువ్వాలు పారేసి చేతులు చూసుకున్నాను. ఎడమచేతికి సబ్బు వాసన ఉంది. కుడిచేతికి గోలెం వాసన ఉంది. మళ్ళీ సబ్బు రుద్దాను, బూడిద రుద్దాను, కిరసనాయిలు పోసుకున్నాను. కిరసనాయిలు వాసన పోయింది, అది పోలేదు. నా భార్య చింతపండు తెచ్చి దగ్గరికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

అప్పుడే మా మేనత్త బయటి నుంచి వచ్చింది. ఆమెకు మేమేమీ చెప్పలేదు. గడప దగ్గరే ఆగింది.

"పొద్దుగాల్నే తోటకు పోయినవార?"

"పోలేదత్తా."

"మరి గోలెంల చెయ్యి వెట్టినట్టు కొడుతాంది గదరా. చిన్నప్పుడు ముక్కు మూసుకోని ఉరికెటోనివి. ఇప్పుడేం పనివడ్డది?"

ఎగతాళిగానే అంది. దగ్గరికి వచ్చి నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, టిఫిన్ డబ్బా సర్దడానికి లోపలికి వెళ్ళింది.

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. మేనత్త కోసం వెళ్ళాను. అన్నం, మాంసం కూర, ఉడికించిన గుడ్డు, దొప్పలో కల్లు, ఒక బీడీ కట్ట.

కొడుకును కాబట్టి పెట్టాల్సింది నేనే. ఆ చెయ్యి అన్నంలో పెట్టలేకపోయాను. టిఫిన్ డబ్బాలో చెంచా ఉంటే దానితో వడ్డించాను. ఆ నిమిషంలో నాకు డోర్నకల్ గుర్తు రాలేదు.

వేపచెట్టు మీద కాకులు చాలా ఉన్నాయి. కాస్త అవతల ఇంకో ఇంటివాళ్ళు పెట్టిన విస్తరి మీదకు దిగి తిని పోతున్నాయి. మాదాని మీద ఒక్కటీ వాలలేదు. గంట గడిచింది. ఎండ ముదిరింది. కూర మీద నూనె తేలింది. గుడ్డు నిండా ఈగలు ముసిరాయి. చీమలు బారు కట్టాయి.

"మామకు కల్లు సరిపోలేదేమో. ఇంకింత పోద్దామా?" అన్నాడు మేనత్త కొడుకు, మా బావ.

"మామకా, నీకా?" అంది మేనత్త.

ఆమె విస్తరి దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. అన్నం పక్కన నేను మరిచిపోయిన చెంచా ఉంది.

"చెంచతోని పెట్టినవా?"

"చెయ్యి బాగలేదత్తా."

"చెంచతోని పెడితె ఎవడు తింటడురా? తీసెయ్యి. చేత్తోని కలిపి పెట్టు."

డోర్నకల్ అప్పుడు గుర్తొచ్చింది.

కూర్చున్నాను. ఈగలను తోలి, అన్నంలో కూర వేసి కుడిచేత్తో కలిపాను. ఎండకు ఆ వాసన ఇంకా పెరిగింది. రెండుసార్లు డోకు వచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని కలిపాను. అందరూ రాసినట్టు నాకు ఆ సమయంలో దుఃఖం పొంగలేదు. రోత తప్ప ఏమీ లేదు. కళ్ళలో నీళ్ళు వచ్చింది డోకు వల్లే. ముద్ద చేసి విస్తరి మధ్యలో పెట్టి లేచాను.

మూడడుగులు వేశానో లేదో వెనక రెక్కల చప్పుడైంది. "ముట్టింది" అన్నాడు బావ. కాకి కూర జోలికి పోలేదు, గుడ్డు జోలికి పోలేదు. ముద్దలో సగం ముక్కున కరుచుకుని లేచింది.

బోరింగు దగ్గర వట్టి నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాను. వాసన లేదు. గోళ్ళ కింద కూడా లేదు. మేనత్త నా చెయ్యి తీసుకుని వాసన చూసి వదిలేసింది.

"నడువుండ్రి, ఆకలైతాంది" అంది.

ఆ మధ్యాహ్నమే నేను తోటకు వెళ్ళాను. కారణం ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి. మా నాన్నతో పనిచేసిన మల్లయ్య కాక పంపు గది వెనక్కి తీసుకెళ్ళాడు.

"మీ నాయిన దిగిపోయిన్నాడే పిండి నానవెట్టుడు బందైంది బిడ్డా. ఇప్పుడు సంచులల్ల మందొస్తాంది. చల్లుడే."

గోలెం ఎండిపోయి ఉంది. యాత్రికులు పారేసిన విస్తళ్ళు, ఐసుక్రీము కప్పులు, ఎవరిదో తెగిన చెప్పు అందులో ఉన్నాయి. గోడకు అంటిన పాత మడ్డిని గోటితో గీకి వాసన చూశాను. దుమ్ము వాసన. అవతల గులాబీల పక్కన ఎవరో ఫోటో దిగుతున్నారు. పువ్వులు నిమ్మకాయంత ఉన్నాయి.

తర్వాత ఒక డాక్టరును అడిగాను. మనసు బాగా లేనప్పుడు లేని వాసనలు వస్తాయని చెప్పాడు. నాకు రావచ్చు. నా భార్య నన్ను చూసి భయపడి వాంతి చేసుకుని ఉండవచ్చు. గడప దగ్గర ఆగిన మా మేనత్తకు ఎలా వచ్చిందని అడిగితే, ఆయన నిద్రమాత్రలు రాసిచ్చాడు. కాకి సంగతి నేను పట్టించుకోను. కాకి ఆకలైతే దిగుతుంది. వాసన సంగతే ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

తోట ఇంకా ఉంది, బస్సులు వస్తున్నాయి. గోలెం పగలగొట్టి అక్కడ సైకిల్ స్టాండు వేశారు. మా ఇంట్లో అన్నం కంచం పక్కన చెంచా పెట్టడం లేదు.